మెట్ల కింది రేవు

తిరుపతి రైల్వే స్టేషన్ వెనక సందులో దేవరాజులు శెట్టికి ఒక లాడ్జి ఉండేది. అందులో దిగిన యాత్రికులెవరికీ చాకలి గురప్ప పేరు తెలియదు గానీ, వాళ్ళ వీపుల కింద పరుచుకున్న తెల్లదనమంతా అతని చేతిదే. దుప్పట్ల మూటలు గాడిదకెత్తి స్వర్ణముఖి రేవుకు తోలుకుపోవడం, చవుడు మట్టి పట్టించి బానలో ఉడకబెట్టడం, ఇసుకలో ఆరేసి పొద్దు వాలేసరికి మడతలతో తిరిగి రావడం. అతనికి తెలిసిన లోకం అంతే. పెళ్ళాం తాయమ్మ కూడా అతని పక్కనే బండ మీద బట్టలు బాదేది. ఆమెకు ఆయాసం. ఎండలో ఉన్నంతసేపూ బాగానే ఉండేది, చెమ్మ తగిలితే మాత్రం రొమ్ములో పిల్లి కూతలు మొదలయ్యేవి.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఎండాకాలంలో ఏట్లో చెలమ తవ్వినా నీళ్ళు పడలేదు. శెట్టి లాడ్జిలోనే బోరు వేయించి గురప్పను పిలిచాడు.

"ఇంక ఏటికి పోబళ్ళేదప్పా. ఈడ్నే ఉతకండి, ఒక గది కట్టిస్తాను. యాడ కావాల్నో నువ్వే సూసుకో. నన్నడిగితే మిద్దె పైన బాగుంటాది."

శెట్టి చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే ఈ కథ చెప్పడం నాకు సులువుగా ఉండేది.

మొగుడూ పెళ్ళాలిద్దరూ మిద్దె ఎక్కారు. పైన బోలెడు ఎండ, కొండ మీంచి గాలి. తాయమ్మ పిట్టగోడకు ఆనుకుని కూర్చుని తృప్తిగా ఊపిరి పీల్చుకుంది.

"ఈడైతే నేను బతుకుతానయ్యా" అంది.

గురప్ప మాత్రం కింద ఏముందో లెక్క వేసుకుంటున్నాడు. సరిగ్గా వాళ్ళ కాళ్ళ కిందే శెట్టి పూజగది. గోడకు నిలువెత్తు వెంకటేశ్వరస్వామి పటం.

"పురిటి బట్టలు, ముట్టు బట్టలు అన్నీ ఉతకాల. ఆ నీళ్ళు సామి నెత్తిన పారిస్తే మనకు పుట్టగతులుంటాయా?"

"సామికి లేని పట్టింపు నీకెందుకయ్యా?"

"నోరు ముయ్యే, కళ్ళు పోతాయి."

తాయమ్మ నోరు మూసుకుంది. ఆ ఒక్కసారి మూయకుండా ఉంటే ఎంత బాగుండేదో!

గురప్ప కిందికి దిగి, పెరటివైపు మెట్ల కింద ఖాళీ చూపించాడు. ఎండ రాదు కదప్పా అని శెట్టి అడిగాడు. మిద్దె ఎందుకు వద్దన్నాడో విని చేతులెత్తి దణ్ణం పెట్టాడు. లాడ్జికి వచ్చిన ప్రతివాడికీ మా చాకలి భక్తి ఇంతటిదని చెప్పుకున్నాడు. గురప్పకు నడుం నిటారుగా నిలబడింది. పాపం, జన్మలో అతణ్ణి ఎవరూ అంతగా మెచ్చుకుని ఎరగరు.

మెట్ల కింద బాన పొగ బయటికి పోయే దారి లేదు. బండ తడి ఆరదు. దండేల మీద దుప్పట్లు ముక్కిపోయి వాసన కొట్టేవి. యాత్రికులు గొణగడంతో శెట్టి దుప్పట్ల మూటలు వేరే లాండ్రీకి వేసి, గురప్పకు తువ్వాళ్ళు మాత్రం మిగిల్చాడు. తాయమ్మ ఉతుకుతూ ఉతుకుతూ గోడ పట్టుకుని నిలబడిపోయేది. మిద్దె మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు. కార్తీకం వానల్లో, ఆ చెమ్మలోనే, ఊపిరి అందక కన్నుమూసింది.

మరుసటేడు శెట్టి మిద్దె మీద కొత్త గదులు లేపాడు. గది గదికీ కక్కసు. ఒకటి సరిగ్గా పూజగది నెత్తిన వచ్చింది. అది చూసి గురప్ప శెట్టి దగ్గరికి పరిగెత్తాడు.

"అన్యాయం శెట్టిగారూ! కింద సామి ఉండాడే!"

"యాడుండాడప్పా?" శెట్టి నవ్వాడు. "పటం తీసి కౌంటరు కాడ తగిలించినాను గదా. ఒక మేకు కొడితే సరిపాయె."

గురప్ప కౌంటరు దగ్గరికి వెళ్ళి చూశాడు. స్వామి అక్కడా బాగానే ఉన్నాడు. కొత్త పూలమాల, కొత్త దీపం. అతని చేతులు అలవాటుగా పైకి లేచి, కలవకుండానే కిందికి దిగిపోయాయి.

తువ్వాళ్ళ మూట ఎత్తుకుని మెట్ల కిందికి పోయి, తడి బండ మీద చతికిలబడ్డాడు.

"ఒక మేకు కొట్టమని అడగాల్సింది గదనే తాయమ్మా" అన్నాడు.