తాకట్టు గిన్నెల పెండ్లి

2004 జూన్‌లో నన్ను వేంపల్లె శాఖకు ఫీల్డ్ ఆఫీసరుగా వేశారు. ఫీల్డ్ ఆఫీసరంటే బ్యాంకులో కుర్చీ ఉండి కూడా అందులో కూర్చునే యోగం లేని ఉద్యోగి. అప్పు అడిగినవాళ్ల ఇంటికో పొలానికో కొట్టుకో వెళ్లి చూసి, ఇవ్వొచ్చో లేదో రాసి మేనేజరు ముందు పెట్టాలి. ఇచ్చిన తర్వాత, కొంటామన్న వస్తువు నిజంగా కొన్నారో లేదో మళ్లీ వెళ్లి చూడాలి. ఈ రెండు తనిఖీలకూ రెండు వేరు వేరు ఫారాలుండేవి గానీ ఎండ మాత్రం ఒకటే. మా బ్యాంకు పేరు ఇక్కడ రాయను. వేంపల్లె చుట్టుపక్కల అది ఇప్పటికే రాయాల్సినదానికంటే ఎక్కువచోట్ల రాసి ఉంది. ఆ సంగతే చెప్పబోతున్నాను.

మా శాఖ మేనేజరు పార్థసారథి గారు నిబంధనల మనిషి. పుట్టుకతో కాదు, దెబ్బ తిని అయ్యారు. అంతకుముందు పనిచేసిన ఊళ్లో ముగ్గురికి కుట్టుమిషన్లకు అప్పులిస్తే, ముగ్గురూ ఒకే మిషన్ను ఇల్లు మార్చి చూపించారట. ఈయన మూడిళ్లలోనూ మిషన్ బాగుందని రాశారు. ఆడిట్‌లో అది బయటపడి మెమో వచ్చింది. అప్పటినుంచి బ్యాంకు డబ్బుతో కొన్న ప్రతి వస్తువు మీదా బ్యాంకు పేరు కనబడాల్సిందేనని పట్టుబట్టేవారు. బర్రెలకైతే చెవికి బిళ్ల, ఆటోలకైతే వెనక పెయింటు. ఇది ఆయన సొంత పైత్యం కాదు, నిబంధన ఉన్నదే. దీన్ని హైపోథికేషన్ అంటాం. వస్తువు అప్పు తీసుకున్నవాళ్ల దగ్గరే ఉంటుంది, వాడుకుంటారు, కానీ అప్పు తీరేదాకా దాని మీద హక్కు బ్యాంకుది.

ఆ ఏడాది వర్షాలు ముఖం చాటేసిన రోజుల్లో లక్ష్మీదేవి అనే ఆమె అప్పు కోసం వచ్చింది. పెండ్లిళ్లకు వంట చేసే మనిషి. భర్త దస్తగిరి ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలెత్తి నడుము పట్టేసి ఇల్లు చేరాడు. పెండ్లి సామాను బాడిగకిచ్చే వ్యాపారం పెడతామన్నారు. డేక్సాలు, గుండిగలు, గరిటెలు, గ్లాసులు, కుర్చీలు, ఒక షామియానా. ఈ వ్యాపారం నీకేం తెలుసమ్మా అని అడగడం నా ఫారంలో ఒక ప్రశ్న కాబట్టి అడిగాను. "ఊరోళ్ల డేక్సాలు తోమి తోమి చేతులు అరిగిపాయ సార్. ఆ తోమేదేదో నా డేక్సాలే తోముకుంటా" అంది.

బ్యాంకు మొత్తం డబ్బు ఇవ్వదు. కొంత వాటా వ్యాపారం పెట్టేవాళ్లే వేసుకోవాలి, దాన్ని మార్జిన్ అంటాం. దానికోసం ఆమె కమ్మలమ్మింది. సంతకం పెట్టడానికి వచ్చిన రోజు చెవులకు వేపపుల్లలున్నాయి.

చిక్కు సామాను కొన్నాక వచ్చింది. మన ఇళ్లల్లో గిన్నెల మీద పేర్లు కొట్టించే అలవాటు మీకు తెలిసిందే. పాత్రల అంగడి ముందు ఒకడు చిన్న కరెంటు మిషన్ పెట్టుకుని కూర్చుంటాడు, అక్షరానికింత అని తీసుకుంటాడు. పార్థసారథి గారు ప్రతి పాత్ర మీదా, ప్రతి కుర్చీ మీదా, షామియానా మీదా బ్యాంకు పేరు పూర్తిగా, శాఖతో సహా, "తాకట్టు" అన్న మాటతో సహా, అదీ అందరికీ అర్థమయ్యేలా తెలుగులో ఉండాలని ఆజ్ఞాపించారు. గరిటెలు కూడానా అని నేనడిగాను. గరిటె వస్తువు కాదా అని ఆయనడిగారు.

లక్ష్మీదేవి బ్యాంకుకొచ్చింది. "సార్, మీ బ్యాంకు పేరేమో శానా పొడుగుండాది. అక్షరానికి లెక్కన దుడ్డు గుంజుతాండాడు ఆ పేర్లు కొట్టేటోడు. కొంచెం కురచ చేసుకోకూడదా?" అని బతిమాలింది. బ్యాంకు పేరు కురచ చేసే అధికారం తనకు గానీ రీజినల్ ఆఫీసుకు గానీ లేదని, అక్షరాల ఖర్చు ప్రాజెక్టు వ్యయంలోకి రాదని మేనేజరు వివరించారు. ఆమె వెళ్లి, టీ గ్లాసులతో సహా అన్నిటికీ కొట్టించింది. కొన్ని గరిటెలకు కాడ చాలక అక్షరాలు చుట్టూ తిరిగాయి. తనిఖీకి వెళ్లినప్పుడు పార్థసారథి గారి ముఖంలో అంత ఆనందం నేను మునుపెన్నడూ చూడలేదు.

ఆనందం ఆయనొక్కరికే. తాకట్టు గుడ్డ కింద తాళి కట్టించేదెట్లా అని ఊళ్లో పెద్దలు అడ్డం తిరిగారు. దస్తగిరి షామియానాను తిరగేసి కట్టి చూశాడు. పెయింటు బట్టలోంచి దిగి, అవతలివైపు అవే అక్షరాలు అద్దంలోలా తిరగబడి కనబడ్డాయి. బేరాలు రావడం మానేశాయి. అప్పు వాయిదాలు మొదలవడానికి ఇచ్చే గడువు దగ్గరపడుతోంది. లక్ష్మీదేవి మళ్లీ ఊరోళ్ల డేక్సాలు తోమడానికి పోతోందని విన్నాను. మేనేజరు దగ్గర కనీసం షామియానా వరకైనా మినహాయించమని అడిగాను. ఆయన నాకు కుట్టుమిషన్ల కథ మళ్లీ చెప్పారు.

మాఘమాసంలో ముహూర్తాలు ముమ్మరమై బాడిగకిచ్చే మిగతా సప్లయర్ల సామానంతా అయిపోయింది. అప్పుడు గంగిరెడ్డి అనే రైతు తన కొడుకు పెండ్లికి ఈమె గడప తొక్కాడు. మా వైపు చాలా ఇళ్లల్లో పెండ్లి మగపెండ్లివాళ్ల ఇంటిదగ్గరే చేస్తారు. పిల్లది కర్నూలు వైపు, ఓర్వకల్లు దగ్గర పల్లె. గంగిరెడ్డి సంబంధం మాట్లాడుకునేటప్పుడు, వేలమందికి వండినా సామానంతా మా ఇంటిదే, బయట చెంచా అడిగే పని లేదు అని గొప్పలు కోశాడు. అందుకని లక్ష్మీదేవికి ఒక షరతు పెట్టాడు. ఇది బాడిగ సామానని ఎవరికీ చెప్పకూడదు. చెబితే బాడిగ ఇవ్వను. అక్షరాలు కనబడకుండా డేక్సాలను గోడవైపు తిప్పి పెట్టాలి, షామియానా మీది రాత మీద మామిడి తోరణం కట్టాలి. ఆమెకు వేరే దారి లేదు. సరేనంది.

నన్నూ పిలిచారు. ఫీల్డ్ ఆఫీసర్ను అందరూ పిలుస్తారు. పొద్దున్నే వెళ్లి బొరుగుల ఉగ్గాని, బజ్జీ ముందు కూర్చున్నాను. పెండ్లికొడుకు, పెండ్లికూతురు పీటల మీదికొచ్చారు. అప్పుడే వంటల దగ్గర కేక వినబడింది.

పెండ్లికూతురి మేనత్త వెంకటసుబ్బమ్మ. సారె పాత్రల్లో ఒక బిందె కనబడక వెతుక్కుంటూ వంటల వైపు వచ్చింది. పాత్ర కనబడితే దాని మీద పేరు చదవకుండా వదిలే ఆడమనిషిని నేనింతవరకు చూడలేదు. గోడవైపు తిరిగిన డేక్సాను ఆమె ఇవతలికి తిప్పింది. చదివింది. పక్కదాన్ని తిప్పింది. గరిటె తీసింది. కొంగు నడుముకు దోపుకుని పందిట్లోకొచ్చింది.

"ఏమప్పా గంగిరెడ్డీ, సామానంతా మా ఇంటిదే అంటివి గదా! ఇంటి సామానంతా బ్యాంకులో ఎప్పుడు కుదువ పెడితివి? గరిటెలు గూడా మిగల్లేదే నీకు! దుడ్లు లేకుంటే లేవని చెప్పల్ల గానీ, మా పిల్లను ఇట్లాంటి ఇంట్లో తోస్తావా?"

గంగిరెడ్డి ఇరుక్కుపోయాడు. బాడిగవని ఒప్పుకుంటే గొప్పలు బయటపడతాయి, తనవంటే ఇల్లు మునిగినట్టే. చివరికి, అవి బ్యాంకోళ్లు మాకు కానుకగా ఇచ్చినారు అన్నాడు. కానుక మీద తాకట్టు అని యాడైనా కొడతారా అని వెంకటసుబ్బమ్మ గరిటె ఆయన ముక్కుదాకా తెచ్చింది. పిల్లదాన్ని లేపండి అని ఎవరో అరిచారు. పురోహితుడు మంత్రం ఆపి గడియారం చూసుకున్నాడు.

ఎవరో నన్ను చూపించి, బ్యాంకు సారు ఈడనే ఉండాడు, ఆయన్నే అడగండి అన్నారు. బజ్జీ చేతిలో పట్టుకుని లేచాను. గంగిరెడ్డికి మీ బ్యాంకులో అప్పుందా లేదా అన్నది ప్రశ్న.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. బ్యాంకులో చేరిన రోజు మాతో గోప్యత ప్రమాణం మీద సంతకం చేయిస్తారు. ఖాతాదారు వ్యవహారం మూడో మనిషికి చెప్పకూడదు. అప్పుంటే చెప్పకూడదని అందరికీ తెలుసు. లేకపోతే లేదని చెప్పొచ్చు కదా అనుకుంటారు. లేనివాళ్లందరికీ లేదని చెప్పుకుంటూ పోతే, నేను నోరు మెదపనివాళ్లకు ఉందని తేలిపోదా? గంగిరెడ్డికి మా శాఖలో అప్పు ఉండిందో లేదో ఈరోజుకూ చెప్పను. ఆరోజూ అదే అన్నాను, బ్యాంకు విషయాలు బయట మాట్లాడకూడదమ్మా అని.

"సూడండప్పా, సారే నోరు తెరవల్యా! ఇంగేం కావల్ల?" అంది వెంకటసుబ్బమ్మ. నా ప్రమాణం ఒక పెండ్లిని ముంచేటట్టుంది.

అప్పుడు పొయ్యి దగ్గరనుంచి లక్ష్మీదేవి వచ్చింది. మసి చేతులు కొంగుకు తుడుచుకుంటూ గంగిరెడ్డి వైపు చూసింది. ఆయన వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. మాట్లాడితే బాడిగ పోతుంది. మాట్లాడకపోతే పెండ్లి ఆగి, ఆ చెడ్డపేరంతా ఆమె గిన్నెలకు చుట్టుకుంటుంది. మొదటి వాయిదా కట్టడానికి ఆమెకున్న ఆధారం ఈ పెండ్లి ఒక్కటే.

"అమ్మా, ఆ డేక్సా నాది. ఆ గరిటె నాది. నీ తలమీద గుడ్డ నాది, నువ్వు పొద్దన్నుంచి కూసున్న కుర్చీ నాది. అప్పు గూడా నాదే. గంగిరెడ్డి మామ బాడిగకు తెచ్చుకున్యాడు, చెప్పేదానికి సిగ్గుపడినాడు, అంతే. బ్యాంకోళ్లు ఊరికే ఎవురికన్నా ఇస్తారా? ఈ సారు మా ఇంటి సుట్టూ ఎన్నిసార్లు తిరిగినాడో అడుగు. నా కమ్మలు పాయ, ఇదో ఈ అక్షరాలొచ్చ. నన్ను నమ్మి రాసిన రాత ఇది. దీన్ని జూసి పెండ్లి ఆపుతారా?"

వెంకటసుబ్బమ్మ ఆమె చెవుల్లోని పుల్లల వైపు చూసింది. తర్వాత వంటల దగ్గరికి పోయి డేక్సాను వేలి కణుపుతో కొట్టి చూసింది, మందం బాగుండాది అంది. వెనక్కొచ్చి గంగిరెడ్డితో, "బాడిగకు తెచ్చుకుంటే సిగ్గెందుకప్పా? మా పిల్ల నీ కొడుకును కట్టుకుంటాది గానీ డేక్సానా?" అంది. అందరూ ఒక్కసారిగా నవ్వారు. నవ్వుల మధ్యనే ఆమె లక్ష్మీదేవి వైపు తిరిగి, ఓర్వకల్లు దాకా పంపిస్తావా, బాడిగెంత అని అడిగింది. చిన్నకొడుకు పెండ్లి పెట్టుకుందట. పురోహితుడు ముహూర్తం ఇంకా మిగిలే ఉందని ప్రకటించాడు. గంగిరెడ్డి బాడిగ మొత్తం ఇచ్చాడు, అంతమంది ముందు ఇవ్వకుండా ఎట్లా పోతాడు?

అసలు విషయం మర్నాడు తెలిసింది. ఏ పెండ్లిలోనైనా సప్లయర్లకు గరిటెలు, గ్లాసులు కొన్ని పోవడం మామూలు. ఈ పెండ్లిలో చెంచాతో సహా అన్నీ తిరిగొచ్చాయి. పొరపాటున కర్నూలు వైపు పోయిన ఒక గ్లాసును ఎవరో ఆర్టీసీ బస్సు కండక్టరు చేతికిచ్చి పంపారు. లక్ష్మీదేవికి ఎవరూ భయపడరు. గ్లాసు కోసం బ్యాంకు జీపు ఇంటిముందు ఆగుతుందేమో, జప్తు చేస్తారేమో అని భయం. ఆమెకిది వెంటనే అర్థమైంది. సామాను పోదు కాబట్టి మిగతావాళ్లకంటే తక్కువ బాడిగకు ఇవ్వగలిగింది. బేరాలు పెరిగాయి. ఒక పాత సప్లయరు మా మేనేజరు దగ్గరికొచ్చి, నాకు అప్పు వద్దు సార్, పేరు మాత్రం కొట్టుకోనీయండి అని అర్జీ పెట్టుకున్నాడు. పార్థసారథి గారు వివరణ కోరుతూ రీజినల్ ఆఫీసుకు రాశారు. ఆయన బదిలీ అయ్యేదాకా జవాబు రాలేదు.

లక్ష్మీదేవి గడువుకంటే ముందే అప్పు తీర్చింది. అప్పు తీరితే బ్యాంకు హక్కు పోతుంది, పేరూ చెరిపేయాలి. ఆ ఉత్తరం నేనే తీసుకెళ్లాను. చెవులకు కొత్త కమ్మలున్నాయి.

"అప్పు తీరిపాయ సార్. జనం భయం మాత్రం తీర్చొద్దు" అంది.

అప్పు లేకుండా పేరు ఉండడానికి వీల్లేదమ్మా అన్నాను. అట్లయితే ఇంకో అప్పు ఇయ్యండి అంది. రెండో షామియానాకు రాసుకున్నాం.

2007లో నన్ను ఎర్రగుంట్లకు బదిలీ చేశారు. వీడ్కోలు భోజనం వండింది లక్ష్మీదేవే. మిగిలిన పప్పు, కూర మా ఇంటికి కట్టించి పంపారు. ఎర్రగుంట్లలో సామాను విప్పుతుంటే నా భార్య ఒక గరిటె తీసి, కాడను వెలుతురులో తిప్పి తిప్పి చదివి, ఇదేంది, మనం గరిటె ఎప్పుడు తాకట్టు పెట్టినాం అని అడిగింది. ఆరోజు కూరతో పాటు వచ్చేసినట్టుంది, ఎప్పుడైనా అటు పోయినప్పుడు ఇస్తాలే అన్నాను. అని పడుకున్నాను గానీ, పొద్దున మొదటి బస్సుకే వేంపల్లె పోయి ఇచ్చొచ్చాను. లక్ష్మీదేవి ఏమీ ఆశ్చర్యపోలేదు. గోడకు గరిటెల వరసలో ఒక మేకు ఖాళీగా ఉంది, దానికి తగిలించింది.

హైపోథికేషన్ గురించి మాకు శిక్షణ కేంద్రంలో వారంపాటు పాఠాలు చెప్పారు, వస్తువు మీద ఎవరికెంత హక్కు అని. వస్తువును ఇంటికి రప్పించేది దాన్ని ఉంచుకున్నవాడికి నిద్ర పట్టనివ్వని ఆ అక్షరాలేనని మాత్రం చెప్పలేదు. ఆ గరిటె మా ఇంట్లో ఉన్న రాత్రి నాకూ పట్టలేదు.