ఎర్ర గీత కనిపిస్తే ఎక్కొద్దు

మా తోడికోడలు పోయింది. పోయిన ఆదివారం పొద్దున్నే అవనిగడ్డ నుంచి వాళ్ళ పెద్దబ్బాయి ఫోన్ చేశాడు. "పిన్నీ, అమ్మ వెళ్ళిపోయింది. రాత్రి పడుకునే ముందు తలుపు గడియ రెండుసార్లు లాగి చూసుకుందంట" అన్నాడు. ఏడుస్తూనే నవ్వాను. అవతల వాడూ అదే పని చేస్తున్నాడు. గడియ పడిందో లేదో చూసుకోకుండా ఆవిడ ఎక్కడికీ బయల్దేరదు మరి.

నేను ఆవిడను అక్కా అనేదాన్ని. గుడివాడలో పుట్టి, బడిలో నాలుగక్షరాలు నేర్చుకుని, పందొమ్మిది వందల యాభైల్లో దివిసీమకు కోడలిగా వచ్చాను. అన్నదమ్ములిద్దరిదీ తాటిచెట్లు ఎక్కే పనే. అప్పట్లో కల్లు మీద నిషేధం. చెట్టు నుంచి తీపి నీరా దించితే, ఆడవాళ్ళం పెద్ద మూకుళ్ళలో కాచి బెల్లం చేసేవాళ్ళం. మా ఆయన చెట్టెక్కగానే నేను కళ్ళు మూసుకునేదాన్ని. "కళ్ళు మూసుకుంటే ఆయన కిందకి దిగడు గానీ, మోకు సరిగ్గా ఉందో లేదో ముందే సూసుకో" అనేది అక్క. మోకంటే చెట్టునూ నడుమునూ కలిపి చుట్టే లావుపాటి తాడు. మగవాళ్ళు దాని మీదే వెనక్కి వాలి పని చేస్తారు. పాత మట్టలు అడ్డొచ్చిన ప్రతిసారీ పైన ఒంటిచేత్తో ముడి విప్పి మళ్ళీ వేసుకోవాలి. అక్కకు ఆ ముడి మీదే బెంగ.

ఇంతలో బందరులో ఓడ సామాన్లు అమ్మే కొట్టుకు తాళం పడే కొక్కేలు వచ్చాయని తెలిసింది. ముడి బదులు మోకు రెండు కొసలనూ కొక్కెంతో కలిపేయొచ్చన్నమాట. బావగారు ఒక్కరే వెళ్ళి కొనుక్కొస్తానన్నారు. అక్క ఊరుకుంటుందా? నన్ను కూడా వెంటేసుకుని బయల్దేరింది.

కొట్లో రెండు రకాలున్నాయి. ఒకటి తళతళలాడుతోంది. దాని నోటికి అడ్డంగా ఉన్న నాలుక నొక్కితే తెరుచుకుంటుంది, వదిలితే స్ప్రింగుతో టక్కున మూసుకుంటుంది. రెండోది నల్లగా, మొరటుగా ఉంది. దాని నాలుక మూశాక, మెడ మీదున్న రింగును మర తిప్పి బిగించాలి.

"స్ప్రింగుదే నయం. టక్కున పడుద్ది. ఆ నల్లది తిప్పి తిప్పి నా వేళ్ళరుగుతాయి" అన్నారు బావగారు.

అక్క స్ప్రింగు కొక్కేన్ని బస్తాలు తూచే కాటా దూలానికి తగిలించమంది. దానికి తాడు ఉయ్యాలలా కట్టి, చీర కుచ్చిళ్ళు దోపుకుని ఎక్కి కూర్చుంది. అక్క మంచి పుష్టిగల మనిషి.

"అమ్మా, కాటా ఇరిగిపోద్దమ్మా!" అని కొట్టాయన పరిగెత్తుకొచ్చాడు.

"ఇరగనీండి. మా ఆయన చెట్టు మీద ఇరిగేకంటే మీ కొట్లో ఇరగటమే నయం కదండీ."

ముందుకీ వెనక్కీ ఊగింది. కొక్కెం నిలిచింది. బావగారు మీసం దువ్వుకున్నారు. అప్పుడు అక్క చెట్టు చుట్టూ తిరిగే మనిషిలా ఒళ్ళు పక్కకు తిప్పింది. తాడు మెలిపడి నాలుకను నొక్కింది, నాలుక తెరుచుకుంది, అక్క వెళ్ళి కొబ్బరిపీచు కట్టల మీద పడింది. వీధి వీధంతా గుమిగూడింది. అందరికంటే గట్టిగా నవ్వింది తనే. ఆ తర్వాత నల్ల కొక్కెం మీద ఊగింది, తిరిగింది, మెలికలు తిరిగింది. అది కదల్లేదు. అదే కొన్నాం. దారిలో హల్వా తింటూ నాతో అంది, "మనం జాగర్తగా ఉన్నప్పుడు ఏ కొక్కెమైనా మంచిదేనే. మనం ఏమరుపాటుగా ఉన్నప్పుడు ఏం చేస్తదో సూసి కొనాల."

ఇంటికొచ్చాక ఎడ్లబండికి వేయగా మిగిలిన రంగుతో, రింగు బిగిస్తే కప్పుకుపోయే చోట ఓ ఎర్ర గీత గీసింది. గీత కనిపిస్తే ఎక్కొద్దు, అంతే. ఈ అలవాటు ఆవిణ్ణి చివరిదాకా వదల్లేదు. కుక్కరు మూత మీద, గ్యాసు మీట మీద, మనవడి సైకిలు తాళం మీద కూడా ఎర్ర గీతలే. మేమంతా ఎగతాళి చేసేవాళ్ళం, మా ఇళ్ళల్లో మేమూ గీసుకునేవాళ్ళం.

ఆ గీత విలువ మాకు తెలిసింది కొక్కెం కొన్న ఏడే, మాఘమాసంలో తాటిచెట్లు గీయడం మొదలుపెట్టే రోజున. ఆ రోజు పనిముట్లకు పూజ చేయడం మా ఆనవాయితీ. అక్క కత్తికి పసుపు రాసింది, మోకుకు రాసింది. కొక్కెమంటే ప్రేమెక్కువ కదా, దానికి దండిగా పట్టించింది. ఎండేసరికి పసుపు మరలో గట్టిపడిపోయింది. బావగారు చెట్టు మొదట్లో రింగు తిప్పారు. అది సగంలో ఆగింది. బిగిసిందనుకున్నారు.

"ఎర్రగా ఏదో కనపడతందే" అంది అక్క.

"నువ్వు పెట్టిన కుంకుమేలేవే" అని ఆయన ఎక్కేశారు.

ఆయన చెట్టు తలన మొవ్వు దగ్గరికి చేరుతుండగా అక్క చేతిలోని కుంకుమ భరిణె వంక చూసుకుంది. ఖాళీగా ఉంది. కత్తికీ మోకుకీ పెట్టేసరికే కుంకుమ అయిపోయింది. కొక్కేనికి బొట్టే పెట్టలేదు.

నా చెయ్యి పట్టుకుంది. కొక్కెం బిగియలేదని అరిస్తే, ఆయన నడుము దగ్గర చూసుకోవడానికి వెనక్కి వాలతారు. వాలితే బరువంతా దాని మీదే. అక్క ఏమీ జరగనట్టు గొంతెత్తింది.

"ఏమయ్యా! చెట్టుని కావిలించుకో!"

"ఏందే?"

"కావిలించుకోమంటంటే! నేననుకుని గట్టిగా కావిలించుకో!"

చుట్టుపక్కల చెట్ల మీదున్న మగవాళ్ళంతా విరగబడి నవ్వారు. బావగారు సిగ్గుపడుతూనే రెండు చేతులూ చెట్టు చుట్టూ వేశారు.

"ఇంక అట్టాగే దిగు. ఎనక్కి వాలావంటే నా మీద ఒట్టు."

ఆవిడ గొంతులో ఏం వినిపించిందో ఏమో, ఛాతీ గీరుకుపోతున్నా చెట్టును వదలకుండా జారుతూ దిగారు. కాళ్ళు నేలకు ఆనగానే మోకు ఒక్కసారి బిగిసింది. కొక్కెం నోరు తెరిచి, తాడు ఊడి గడ్డిలో పడింది. చెట్ల మీద నవ్వులు ఆగిపోయాయి.

బావగారు ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికి, పండుముసలై, నులకమంచం మీద నిద్రలో పోయారు. గీత చూసి పంపితే మనిషి తిరిగొస్తాడన్న ధైర్యం అక్క నాకూ మిగిల్చింది. మా ఆయనా చెట్లన్నీ క్షేమంగానే దిగాడు.

కానీ అక్క అంటే నా కళ్ళకు కట్టేది ఆ చెట్టు మొదలే. మొగుడి పక్కన నలుగురిలో నిలబడడానికే సిగ్గుపడే రోజులవి. బావగారు దిగారు గానీ భయానికి ఒళ్ళు బిగుసుకుపోయింది. చెట్టు వదిలి ఇటు తిరిగినా ఆయన చేతులు ఇంకా చెట్టంత వెడల్పున చాచే ఉన్నాయి. అక్క భరిణె కింద పెట్టి, అందరూ చూస్తుండగా, వెళ్ళి ఆ చేతుల మధ్య నిలబడింది.