అడిగిందే అడగనీ

అతను కుర్చీలోనూ బాసింపట్టు వేసుకునే కూర్చుంటాడు. కీబోర్డు పక్కన టీ ఎప్పుడూ చల్లారిపోయే ఉంటుంది. టైపు చేస్తూ చేస్తూ ఆగి, ఎడమచేత్తో మెడ రుద్దుకుంటాడు. కంప్యూటర్లలోకి ఎవరు వచ్చారో, ఎవరు తలుపు తట్టి వెళ్లారో రాసిపెట్టే ప్రోగ్రాం అతనిది. ఎవరైనా ఉచితంగా తీసుకుని వాడుకోవచ్చు. ఒకప్పుడు ఒకే హెచ్చరిక పదే పదే రావడం చూసి చిరాకెత్తి, రాసిందే మళ్లీ రాయకుండా వదిలేసేలా దాన్ని మార్చాడు. వాడేవాళ్లంతా ప్రాణం హాయిగా ఉందన్నారు. తర్వాత ఒక ఆసుపత్రి కంప్యూటర్లోకి ఎవడో పాస్‌వర్డులు మార్చి మార్చి కొట్టి దూరాడు. రోగుల వివరాలన్నీ బజారున పడ్డాయి. వాడు అన్నిసార్లు ప్రయత్నించినా ప్రోగ్రాం రాసింది ఒక్క హెచ్చరికే. అక్కడి ఉద్యోగి ఫోన్ చేసి, "మీ తప్పేం లేదండీ. ఎవరో పాస్‌వర్డ్ మర్చిపోయారులే అని నేనే ఊరుకున్నాను," అన్నాడు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. ఆ మార్పును ఆ పూటే తీసేశాడు. అన్నం మాత్రం చాలాకాలం సహించలేదు.

ఇంట్లో అమ్మకు మతిమరుపు. "వీధి తలుపు గడియ పెట్టావా నాన్నా?" అని అడిగిందే అడుగుతుంది. ఇదివరకైతే "ఎన్నిసార్లు చెప్పాలమ్మా!" అని కసిరేవాడు. మొన్న సాయంత్రం ఆవిడ మళ్లీ అడిగితే భార్య నవ్వి, "ఇప్పుడేగా అత్తయ్యా, ఆయన చూసొచ్చింది," అంది.

"అడగనీవే," అంటూ అతను లేచాడు. తలుపు దాకా వెళ్లి, పెట్టి ఉన్న గడియనే తీసి, అమ్మకు వినబడేలా మళ్లీ పెట్టాడు.