దూరం చూడు

బస్సు పడని మనిషికి లోకంలో ప్రతివాడూ వైద్యుడే. ఉల్లిపాయ వాసన చూడమంటాడొకడు. సీటు మీద న్యూస్‌పేపర్ పరుచుకుని కూర్చుంటే వాంతి దగ్గరికి రాదంటాడు ఇంకొకడు. ఆ పేపర్ మీద కూర్చుని కూడా నేను కక్కాను; తుడుచుకోవడానికి మాత్రం అది బాగానే పనికొచ్చింది. నాకు నిజంగా పనిచేసిన వైద్యం మా అక్కది. ఎనభైల్లో ఒక వానాకాలం పొద్దున ఆ వైద్యమంతా ఆమె మీదే తిప్పి ప్రయోగించాను. నవ్వుతూ ప్రయోగించాను. ఆ నవ్వు సంగతి ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

మాది ఇల్లందు. నాన్నది బొగ్గుబాయిలో పని. అక్క నాకంటే ఏడేళ్ళు పెద్ద, పెళ్ళయి మా వీధిలోనే కాపురం ఉండేది. నాకు చిన్నప్పటి నుంచీ బస్సెక్కితే చాలు కడుపులో దేవేది. కొత్తగూడెం రాకముందే మొహం పాలిపోయి, నోట్లో నీళ్ళూరేవి. అక్కది ఇనుప కడుపు. బస్సు వెనక సీట్లో కూర్చుని మిరపకాయ బజ్జీలు తినగలిగే మనిషి. మాత్రలంటే ఆమెకు నమ్మకం లేదు. నాకోసం తనే ఒక పద్ధతి తయారుచేసింది.

అందులో మొట్టమొదటిది నిద్ర. "రాత్రి కంటినిండ నిద్రపోవాలె. నిద్ర చాలకుంటే నిమ్మతోట మొత్తం ఎత్తుకొచ్చినా ఆగదు" అనేది. పొద్దున కడుపు ఖాళీగా ఉండకూడదు, నిండానూ ఉండకూడదు. రెండు ఇడ్లీలో, గుప్పెడు మరమరాలో తినాలి. నూనె సరుకు వద్దు, పాలు అసలే వద్దు. సీటు ముందువైపు కిటికీ దగ్గరే, వెనక చక్రాల మీద చచ్చినా కూర్చోకూడదు. దారిలో దుకాణాల బోర్డులు కూడా చదవకూడదు. నిమ్మకాయ తొక్కను గోటితో గీరి వాసన చూడాలి, ఉప్పద్దిన అల్లం ముక్క బుగ్గన పెట్టుకోవాలి. తల సీటుకి ఆనించి కదలకుండా ఉండాలి, ఊపిరి నిదానంగా తీయాలి. బస్సు ఆగిన ప్రతిచోటా దిగి రెండు నిమిషాలు నేల మీద నిలబడాలి. వీటన్నిటికంటే ముఖ్యం చూపు. "దగ్గరి చెట్లను చూస్తే అవి నీ కడుపులకెల్లి ఉరుకుతయ్. రోడ్డు చివర చూడు. దూరం చూడు" అనేది.

ఇంటి దగ్గర నన్ను 'వాంతుల రాణి' అని ఏడిపించేది గానీ, బస్సులో నేను కక్కుతుంటే నుదుటి కింద చెయ్యి పెట్టి పట్టుకునేది తప్ప ఒక్కసారి కూడా నవ్వలేదు. ఆ సంగతి అప్పట్లో నేను గమనించనే లేదు.

నాకు టీచరుద్యోగం వచ్చింది. భద్రాచలం దాటి చింతూరు వైపు పోయే దారిలో, అడవి మధ్య ఊరు. ఒంటరిగా అంత దూరం బస్సులో పోలేనని అక్క నాతో వచ్చింది. కిరాయికి దొరికింది ఒక్కటే గది. మట్టిగోడలు, పెంకుల కప్పు, ఒక నులక మంచం. వారం రోజులుండి గది సర్దింది, పొయ్యి వేసింది. ఆ వారం చివర రెండు రోజులు సెలవు వస్తే ఇద్దరం కలిసి ఇల్లందు పోదామనుకున్నాం.

వారమంతా ఒకే మంచం మీద ఇరుక్కుని పడుకున్నాం. ప్రయాణం ముందు రాత్రి మాత్రం అక్క చాప తీసి నేల మీద పరిచింది.

"ఇరుకు మంచంల నీకు నిద్ర పట్టదు. రేపు దారి పొడుగునా నీ తల పట్టుకునేది నేనే గదా. సక్కగ పండు" అంది.

నేను వద్దనలేదు. కాళ్ళు బారజాపుకుని హాయిగా నిద్రపోయాను. బయట సన్నగా వాన పడుతూనే ఉంది.

పొద్దున అక్క చెవి కింద రుద్దుకుంటూ లేచింది. "ఏదో కుట్టినట్టుందే, చూడు." చూశాను. వాపు లేదు, ఎరుపు లేదు. చీమై ఉంటుందన్నాను. కాసేపటికి కడుపులో గుంజుతున్నదంది. రాత్రి పచ్చిపులుసు ఎక్కువ తాగావన్నాను. ప్రతిదానికీ నా దగ్గర జవాబుంది ఆ పొద్దున. ఎంతైనా టీచర్నయ్యాను కదా.

తొలి బస్సెక్కాం. పావుగంట కూడా కాలేదు, అక్క కిటికీలోంచి తల బయటపెట్టి వాంతి చేసుకుంది.

నా సంతోషం చెప్పకూడదు. చెప్పకపోతే ఈ రాత అబద్ధమవుతుంది. చాలా సంతోషపడ్డాను. "ఏందక్కా, ఇనుప కడుపుకు తుప్పు పట్టిందా?" అన్నాను. బస్సులో ఇద్దరు ముగ్గురు నవ్వారు. నాకు ఊపొచ్చింది. నిమ్మకాయ గీరి ఆమె ముక్కు దగ్గర పెట్టాను. అల్లం ముక్క ఇచ్చాను, నోట్లోంచి జారిపోయింది. నిమ్మరసం పిండితే పెదవి చివర నుంచి కారి మెడ మీద పడింది.

"మింగక్కా."

"మింగుడు పడ్తలేదే" అంది. మాట ముద్దముద్దగా వచ్చింది.

తర్వాతి ఊర్లో బస్సు ఆగితే, ఆమె పద్ధతి ప్రకారమే కిందికి దింపి నిలబెట్టాను. నేల మీద కాలు పెట్టగానే నాకైతే ప్రాణం లేచొచ్చేది. అక్క కదలని నేల మీద నిలబడి మళ్ళీ కక్కింది. బస్సు వల్ల వచ్చే వాంతి నేల మీద నెమ్మదించాలి. ఈ విషయం నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఆ బస్సులో ఎవరూ లేరు. అయినా నా బుర్రకు తట్టలేదు. కండక్టర్ తొందరపెడితే మళ్ళీ ఎక్కించాను.

ఇక పెద్ద మందు మిగిలింది. ఆమె గొంతునే అనుకరిస్తూ అన్నాను: "రోడ్డు చివర చూడు. దూరం చూడు."

అక్క చూసింది. చాలాసేపు చూసింది.

"ఏ రోడ్డు? రెండున్నయ్ గదే" అంది.

పగలబడి నవ్వాను. కండక్టర్ కూడా నవ్వాడు. "రెంట్ల మంచిదేదో చూసుకో మరి" అన్నాను. అక్క రెప్పలు మెల్లగా వాలిపోయాయి. నిద్ర వస్తోందనుకున్నాను, నిద్ర మంచిదే కదా అనుకున్నాను. ఆమె కళ్ళ మీద నా చెయ్యి పెట్టి, "పండక్కా, పండు" అని జోకొట్టాను. ఆ చెయ్యి ఇప్పటికీ నాకు పరాయిదిగానే అనిపిస్తుంది.

మా సీటు పక్కన కింద, విస్తర్లు కుట్టే అడ్డాకుల కట్ట మీద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. అడవి లోపలి ఊరి మనిషి. బస్సెక్కినప్పటి నుంచి నవ్వనిది ఆమె ఒక్కతే. లేచి వచ్చి అక్క కనురెప్పను బొటనవేలితో పైకెత్తింది. వదలగానే అది తడిబట్టలా కిందికి జారింది.

"రాత్రి కింద పండిందా?" అని అడిగింది నన్ను.

"అవ్."

"కట్లపాము, బిడ్డా. అది కరిస్తే నొప్పుండదు. ముందు కండ్లు పోతయ్, ఎనక ఊపిరి."

ముందు ఊర్లో పసరు పోసే ఆయన ఉన్నాడు, అక్కడ దింపమన్నారెవరో. ముసలమ్మ తల అడ్డంగా ఊపింది. "పసరుకు ఇది లొంగది. సూది గావాలె. జల్దీ పోనియ్యి." అక్కను పక్కకు తిప్పి పడుకోబెట్టింది, వాంతి గొంతుకు అడ్డం పడకుండా. కండక్టర్ డ్రైవర్ దగ్గరికి పోయి, "అన్నా, ఇగ భద్రాచలం దాక యాడ ఆపకు" అన్నాడు.

ఆపలేదు. రోడ్డు పక్కన చేతులెత్తినవాళ్ళు అరుస్తూ వెనకబడిపోయారు. ఆ మలుపుల్లో బస్సు ఎటు పడితే అటు ఊగింది. అక్క తల నా ఒళ్ళో ఉంది, నా చెవి ఆమె ముక్కు దగ్గర ఉంది. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతూ పోయింది. ఇన్నేళ్ళూ మందుల్లేకుండా నెట్టుకొచ్చిన మాకు ఆ రోజు ఒక్క మందే దిక్కయింది. ఆ మలుపుల్లో నాకు వాంతి రాలేదు. ఆ సంగతి కూడా మర్నాడు గానీ గుర్తుకు రాలేదు.

దవాఖానాలో సూదులిచ్చారు. గొంతులో గొట్టం వేసి, దానికి రబ్బరు తిత్తి తగిలించి, చేత్తో నొక్కుతూ ఉండమన్నారు. నేను నొక్కాను. ఇల్లందు నుంచి పరుగున వచ్చి బావ నొక్కాడు. నేను నొక్కితేనే అక్క ఛాతీ లేచేది, ఆపితే లేచేది కాదు. డాక్టరు నా మొహం చూసి జాలిపడినట్టున్నాడు.

"మాట్లాడమ్మా ఆమెతోటి. కళ్ళు తెరవలేదు గాని తెలివి ఉంది. మొదటి నుంచి అన్నీ వినపడుతనే ఉంటయ్" అన్నాడు.

మొదటి నుంచి. ఏం మాట్లాడను? రెండు రోజులు తిత్తి నొక్కుతూ ఆ మూసిన రెప్పల ముందు దొంగలా కూర్చున్నాను.

మూడో రోజు రెప్పలు గోరంత తెరుచుకున్నాయి. ఆ మర్నాడు గొట్టం తీశారు. బావ టీ కోసం బయటికి పోయినప్పుడు అక్క నా వైపు తిరిగింది.

"నువ్వు నవ్వుతుంటే ఇన్న" అంది బొంగురు గొంతుతో. "నేను ఆఖరికి ఇనేది గిదేనేమో అనుకున్న."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. నేను ఆమె కాళ్ళ మీద తల పెట్టి ఏడ్చాను.

వారం తర్వాత ముగ్గురం ఇల్లందు బయల్దేరాం. అక్క అలవాటుగా కిటికీ సీటు నాకే వదిలింది. గోదావరి వంతెన దాటాం, సారపాక దగ్గర వెదురు లారీల వెనక నిదానంగా కదిలాం. అన్ని రాత్రులుగా నాకు నిద్ర లేదు. పాల్వంచ ఇంకా రానేలేదు, తల కిటికీలోంచి బయటపెట్టి భళ్ళున కక్కాను. వెనకెవరో కిసుక్కుమన్నారు.

అక్క చెయ్యి వచ్చి నా నుదుటి కింద ఆనింది. నేను ఊపిరి బిగబట్టి ఎదురుచూశాను. నవ్వితే బాగుండునని, ఒక్కసారి నవ్వేస్తే చెల్లుకు చెల్లవుతుందని.

అక్క నవ్వలేదు. "దూరం చూడవే" అంది.

ఆమె మొహంలోకి చూడలేక, దూరమే చూశాను.