నీలి కూజాలో వణుకు

పాలస్తీనాలోని అల్ ఖలీల్‌లో మా పెదనాన్న కొడుకు వాసిఫ్ పడుచువయసు నుంచీ కొలిమి ముందు పీట మీద కూర్చుని గాజు ఊదినవాడు. ఊదిన గాజును మేం చల్లార్చే గూట్లో రాత్రంతా పడుకోబెడతాం. తెల్లారాక తీసి గోటితో మీటుతాం. మంచి గాజు ఒక్కసారి పలికి ఊరుకుంటుంది. చెడ్డది వేళ్ల కింద ఇంకాస్త వణుకుతుంది. పైకి రాయిలా ఉన్నా లోపలి రేణువులు ఇరుకు గదిలో ఖైదీల్లా ఉన్నచోటే మసులుతుంటాయి. ఇవాళ ఎక్కువ మసిలిన చోటే ఎన్నాళ్లకో చీలిక పుడుతుంది. అలాంటి గాజును ఊదినవాడే పగలగొట్టాలి.

ద్రాక్ష తీగలు చిగురించే రోజుల్లో వాసిఫ్ వేళ్లకు వణుకు వచ్చింది. కొలిమి అతని అన్న జవ్దత్‌ది. ఆ పీట మీద తన అల్లుణ్ణి కూర్చోబెట్టాలని జవ్దత్‌కు ఎప్పటినుంచో ఉంది.

ఒక ఉదయం వాసిఫ్ తాను ఊదిన నీలి కూజాను మీటి, "ఇది నిలవదన్నా" అంటూ సుత్తి అందుకున్నాడు.

జవ్దత్ కూజా లాక్కుని మీటాడు. "నిక్షేపంలా ఉంది కదరా! వణికేది కూజా కాదు, నీ చెయ్యి."

"నా చేతి సంగతి నాకు తెలుసన్నా. ఇది వేరే వణుకు."

"ఓహో, రెండు రకాలా! ఏదీ, ఈ టీ గ్లాసు పట్టుకో. నీది ఏ రకమో అందరం చూస్తాం."

పనివాళ్లు నవ్వారు. వేడి టీ వాసిఫ్ మణికట్టు మీదుగా కారింది. అతను గ్లాసు దించలేదు.

"వణికే గాజునే అమ్మం. వణికే మనిషిని ఎలా ఉంచుకోను తమ్ముడూ?" అన్నాడు జవ్దత్ మెత్తగా. "ఇవాళ వేలు. రేపు ఊదే గొట్టం జారి ఎవడి మొహం కాలుస్తుందో."

పీట అల్లుడిదైంది. కరిగించడానికి తెచ్చిన పాత సీసాలను పెరట్లో పగలగొట్టే పని వాసిఫ్‌కు మిగిలింది. జవ్దత్ ఆ కూజాను కిటికీలో పెట్టాడు. వాసిఫ్ అటు వెళ్లినప్పుడల్లా, "నిలవదన్నావు, చూడరా, ఇంకా నిలబడే ఉంది!" అనేవాడు. కొన్నాళ్లకు వాసిఫ్ తన వేళ్లను తానే నమ్మడం మానేశాడు.

ఆ చలికాలం కురిసిన మంచు కరిగిన మర్నాడు, దగ్గర ఎవరూ లేకుండానే, కూజా మూతి నుంచి అడుగుదాకా చీలి కుప్పకూలింది. జవ్దత్ ముక్కలు ఊడ్చి తెచ్చి వాసిఫ్ ముందు పోశాడు.

వాసిఫ్ మొహం వెలిగింది. "చెప్పాను కదన్నా! నా పీట నాకిస్తావా మరి?"

"కూజా పగిలింది, సరే. నీ వేళ్లు ఆగాయా?"

వాసిఫ్ తన చేతులకేసి చూసుకున్నాడు. తర్వాత సుత్తి ఎత్తి ఆ నీలి ముక్కలన్నిటినీ నలగ్గొట్టాడు. మధ్యాహ్నం వాటినే కరిగించి జవ్దత్ అల్లుడు కొత్త కూజా ఊదాడు.