మాల తీసిన తర్వాత

మా ఆయన తాగి వస్తున్నారని రెండేళ్ళు నమ్మాను. అది తాగుడు కాదని తెలిసేసరికి ఆయనకు నలభై ఏడు నిండాయి.

నాచారంలో మందులు ప్యాకింగ్ చేసే కంపెనీలో ఆయన సూపర్‌వైజర్. మా ఇల్లు ఉప్పల్‌లో, మెట్రో స్టేషన్ వెనక సందుల్లో. బండి మీద పావుగంట దారి. పెళ్ళిళ్ళలో, ఎప్పుడో ఒక ఆదివారం, తాగే అలవాటు ఆయనకు ఉన్న మాట నిజం. అందుకే ఏ తేడా కనిపించినా మా దగ్గర ఒకటే జవాబు. పాల ప్యాకెట్‌కి వెళ్ళి ఉత్త చేతులతో వచ్చేవారు. మాట మధ్యలో ఆగిపోయి, వస్తువు పేరు దొరక్క, "అది... అదే" అని చెయ్యి తిప్పేవారు. ఒకసారి కంపెనీలో ఒక మందు డబ్బాల మీద ఇంకో మందు లేబుళ్ళు అంటించి పంపారు. మేనేజర్ రెండోసారి హెచ్చరిక కాగితం చేతికిచ్చాడు. మూడోది ఇస్తే ఉద్యోగం పోతుంది.

మా తమ్ముడు వచ్చినప్పుడల్లా అదే వేళాకోళం.

"బావా, పొద్దుగాలనే మొదలువెడ్తున్నవా ఏంది? మమ్మల్ని గూడ పిలువరాదు!"

"నేనేం తాగలేదురా బామ్మర్ది."

"తాగినోడు ఎవడన్న తాగిన అంటడా?"

ఆయన కూడా వాడితో కలిసి నవ్వేవారు. చొక్కా విడవగానే నేను తీసుకుని వాసన చూసేదాన్ని. వాసన రాకపోతే, సోంపు నమిలి వచ్చారనుకునేదాన్ని.

నేను బడికి వెళ్ళలేదు. మా నాన్న ఇంట్లోనే పలక మీద అక్షరాలు దిద్దించాడు. చదవడం వచ్చాక ఒక నోటుబుక్కు ఇచ్చి, సాయంత్రం దీపం పెట్టాక ఆ రోజు దేవుడు ఇచ్చినది ఒక్కటైనా అందులో రాయమన్నాడు. పెళ్ళయినా ఆ అలవాటు పోలేదు. అందుకే ఆ వానాకాలపు సాయంత్రం నేనేం చేశానో నా చేతిరాతలోనే ఉంది.

ఆ రోజు పొద్దుటి షిఫ్టు. రెండింటికి దిగవలసిన మనిషి దీపాలు పెట్టే వేళకి, బండి నెట్టుకుంటూ వచ్చారు. మోకాళ్ళ దాకా బురద. పీర్జాదిగూడ దగ్గర పెట్రోలు అయిపోయిందట.

"అటెందుకు వెళ్ళారు?" అన్నాను.

"ఘట్‌కేసర్ బోర్డు చూసిన. అప్పుడు ఎన్కకు మర్రిన."

"ఘట్‌కేసర్ల ఏం పని?"

"ఎర్కలేదు."

మా తమ్ముడు లోపలి నుంచే అందుకున్నాడు. "ఘట్‌కేసర్ దిక్కు కల్లు మంచిగుంటదక్కా. బావకు అన్నీ ఎర్కనే."

నేను గేటు గడియ వేసేశాను. "యాడ తాగినవో చెప్పు. చెప్తెనే తీస్త." ఆయన్ని నువ్వు అనడం అదే మొదటిసారి.

వాన మొదలైంది. పై వాటాలోవాళ్ళు పిట్టగోడ మీద నుంచి చూస్తున్నారు. ఆయన కొట్లాడలేదు, అరవలేదు. ఊచలు పట్టుకుని నిలబడి, "నిజంగ ఎర్కలేదు" అన్నారు. మళ్ళీ అదే. ఎర్కలేదన్న ప్రతిసారీ నేను వెనక్కి తిరిగాను. చివరికి ఆయన నా మొహం చూసి, పాఠం అప్పజెప్పినట్టు, "రింగ్ రోడ్డు కాడ వైన్స్‌ల" అన్నారు.

గేటు తీశాను. తల తుడిచాను. వేడన్నం పెట్టాను. నోటుబుక్కు తీసి రాశాను: "స్వామీ, ఈ రోజు నాకు గట్టిగా నిలబడే ధైర్యం ఇచ్చావు. ఆయన చేత నిజం చెప్పించావు. నీకు శరణు."

కార్తీకం రాగానే ఆయన్ని గురుస్వామి దగ్గరికి తీసుకెళ్ళి మాల వేయించాను. "నలభై ఒక్క దినాలమ్మా. చుక్క ముట్టినా అయ్యప్ప ఊకోడు" అన్నాడు గురుస్వామి. మా ఆయన బుద్ధిగా తల వంచి మాల వేయించుకున్నారు.

ఆ నలభై ఒక్క రోజులు మా ఇంట్లో పండగే. తెల్లారక ముందే పక్క సందు స్వామి వచ్చి లేపేవాడు. చన్నీళ్ళ స్నానం, పూజ, భిక్ష, అన్నీ అందరితో కలిసే. కంపెనీకి ఇంకో స్వామి బండి మీద వెళ్ళేవారు. నల్లబట్టలు కట్టినవారిని ఎవరూ కసురుకోరు కదా. కాగితాలిచ్చిన మేనేజరే "స్వామీ, జర కూసోండి" అనేవాడట. మా తమ్ముడు ఆయన కాళ్ళకు దండం పెట్టాడు. శబరిమల దారంతా మా ఆయన గురుస్వామి కండువా కొస పట్టుకుని పసిపిల్లవాడిలా నడిచారని గురుస్వామే మెచ్చుకున్నాడు. నోటుబుక్కులో పేజీలు చాల్లేదు. నా మనిషిని నాకిచ్చావు, నా మనిషిని నాకిచ్చావు అని రాసుకున్నాను.

మాల తీసిన నాలుగో రోజు ఆయన నన్ను, "మాతా, జర మంచినీళ్ళు" అన్నారు.

దీక్షలో ఆడవాళ్ళందరినీ అలాగే పిలవాలి, భార్యనైనా. "మాల తీసిన్రు గదా, ఇంకా మాతేంది?" అని నవ్వాను. మా తమ్ముడూ నవ్వాడు. "బావకు భక్తి ఇంకా దిగలేదక్కా." మూడు వారాలైనా దిగలేదు. బిడ్డా మాతే, తమ్ముడూ స్వామే. మేనేజర్ ఏదో అడిగితే "సరే స్వామీ" అన్నారట, నలుగురిలో. వెక్కిరిస్తున్నాడని అతను మూడో కాగితం ఇచ్చేశాడు. ఉద్యోగం పోయింది.

ఇంటర్ చదివే మా బిడ్డే పట్టుబట్టింది. "డాడీ తాగుతలేడమ్మా. నెల నుంచి నా పేరు ఒక్కపారి అన్నడా? నువ్వు విన్నవా?"

నేను వినలేదు. వినలేదన్న సంగతి కూడా అది అడిగేదాకా నాకు తట్టలేదు.

దవాఖానాలో డాక్టరమ్మ గడియారం బొమ్మ గీయమంది. ఆయన గుండ్రం చక్కగా గీశారు. అంకెలన్నీ ఒక పక్కకే పోగేశారు. తర్వాత ఆవిడ నన్ను చూపించి, "ఈవిడ ఎవరండీ?" అంది.

ఆయన నా వైపు మర్యాదగా చూసి చేతులు జోడించారు. "మాత."

ఆవిడ నవ్వింది. "మాలలో ఉన్నారా?"

"తీసి నెల దాటిందండి" అన్నాను. ఆవిడ మొహంలో నవ్వు పోయింది.

స్కానింగ్ తర్వాత చెప్పింది. డిమెన్షియా అట. మెదడు కుంచించుకుపోతోందట. ముసలివాళ్ళకే కాదు, ఈ వయసులోనూ వస్తుందట. ఇంట్లోవాళ్ళు తాగుడనో, మొండితనమనో అనుకుంటారట.

"మాలలో ఉన్నన్ని రోజులూ బాగున్నారండి" అన్నాను. అదొక్కటే ఆశ నాకు.

"బాగుండటం కాదమ్మా. అప్పుడాయనకు ఎవరి పేర్లూ అవసరం పడలేదు. లేపేవాళ్ళు, తీసుకెళ్ళేవాళ్ళు పక్కనే ఉన్నారు. అందుకే మీకు తెలియలేదు."

"తగ్గుతుందా?"

"తగ్గదమ్మా."

మళ్ళీ కార్తీకంలో గురుస్వామి దగ్గరికి వెళ్ళాను. మాల వేస్తే మళ్ళీ అందరూ స్వామి అంటారు, నలుగురిలో పరువుగా ఉంటారని బతిమాలాను. "నియమం తెల్వని మనిషికి మాల ఎట్లెయ్యాలమ్మా? అది మనకే పాపం" అన్నాడు. తప్పు పట్టలేను. తమ్ముడు రావడం తగ్గించాడు. ఫోన్ చేస్తే పనుందంటాడు.

డాక్టరమ్మ చెప్పిన రోజునే గేటు గడియ పీకేయించాను. ఆయన రెండుసార్లు బయటికి వెళ్ళి తప్పిపోయారు. మళ్ళీ నేనే కొత్త గడియ పెట్టించి తాళం వేశాను. ఇప్పుడు ఆయన లోపలి నుంచి ఊచలు పట్టుకుని నిలబడతారు.

పోయిన వారం మధ్యాహ్నం కంచం పెట్టాను. ఆయన తాళం వైపు చూసి గొంతు తగ్గించారు.

"మాతా, జర జల్ది పెట్టు. ఆమె వస్తది."

"ఎవరు?"

"ఈ ఇంటామె. వస్తే నన్ను బయట నిలవెడ్తది. వానల."

నా పేరు పోయింది. పెళ్ళి పోయింది, బిడ్డ పుట్టిన రోజు పోయింది. ఆ గేటు మాత్రం ఉంది.

"ఆమె ఇంక రాదు" అన్నాను.

"నీకెర్కలేదు." దగ్గరికి జరిగి, నా మీద జాలితో చెప్పారు. "ఎర్కలేదంటే తియ్యది. రింగ్ రోడ్డు కాడ వైన్స్‌ల అనాలె. గప్పుడు తీస్తది. నిన్ను గూడ నిలవెడ్తదేమో, యాదివెట్టుకో."

యాది పెట్టుకుంటానన్నాను. పప్పన్నం కలిపి ముద్దలు చేసి ఇచ్చాను. గేటు వైపు చూస్తూనే, గబగబా తిన్నారు.

సాయంత్రం దీపం పెట్టి నోటుబుక్కు తెరిచాను. ఆ వానాకాలపు పేజీ చింపేయాలని చాలాసార్లు అనుకున్నాను. చింపలేదు. ఆ రోజుకి ఇలా రాశాను: "స్వామీ, ఈ పూట ఆయన అన్నమంతా తిన్నారు. ఆమె వచ్చేలోపల."