మగ్గం దగ్గర నీళ్ల గ్లాసు

గొంతు క్యాన్సర్‌తో మాట పోయాక మా నాన్న నీళ్లు కావాలంటే, మంచం పక్కనున్న మగ్గాన్ని, నేతలో పోగు తోసే నాడెతో కొట్టేవాడు. ఆయన పోయాక గద్వాల ఇంట్లో ఆ మగ్గం మీద ఎవరూ కూర్చోలేదు. చాన్నాళ్లకు నేనొచ్చిన ఈ రోజు మధ్యాహ్నం అది టక్కుమంది. తేరుకునేసరికి నీళ్ల గ్లాసు పట్టుకుని మగ్గం ముందు నిలబడి ఉన్నాను.

కూలికి నూలు కండెలు చుడుతున్న అమ్మ నన్ను చూసి రాట్నం ఆపింది.

"నీక్కూడ ఇనబడ్డదా?"

"ఏందమ్మా, ఇంతకుముందు గూడ అయిందా?"

"రోజు కొడ్తడు బిడ్డా. నీళ్లు పెడితె ఊకుంటడు."

గ్లాసు అక్కడే పెట్టాను. ఎలుకే అయ్యుంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఆయన బతికున్నప్పుడు మూడోసారి కొడితే గానీ లేవని నేను, ఈ రోజు మొదటి చప్పుడుకే ఎందుకు లేచానో మీరే చెప్పండి.